పోటీ బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కెరీర్: తరచుగా అడిగే ప్రశ్నలు

పోటీ ఈతలో ఉన్న నాలుగు స్ట్రోక్‌లలోకీ (ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై, బ్రెస్ట్‌స్ట్రోక్) నెమ్మదైనది బ్రెస్ట్‌స్ట్రోక్. కాళ్లు ముడిచిన ప్రతిసారీ తొడలకు నీళ్లు అడ్డుపడి వేగం పడిపోతుంది. మళ్లీ కిక్ కొడితేనే పుంజుకుంటుంది. ఒక్కో స్ట్రోక్‌లో, అంటే చేతులూ కాళ్లూ ఒకసారి కదిలే చుట్టులో, వేగం ఇంతగా పడి లేవడం మిగతా మూడింటిలో కనిపించదు. అందుకే ఇందులో పైకి రావాలనుకునేవాళ్లు బలం పెంచుకోవడం కన్నా ముందు నష్టం తగ్గించుకోవడం నేర్చుకోవాలి. కింది జవాబులన్నీ దాదాపు ఆ మాట చుట్టూనే తిరుగుతాయి.

ఏ వయసులో బ్రెస్ట్‌స్ట్రోక్‌ను ఎంచుకోవాలి?

తొందరపడొద్దు. 6–8 ఏళ్లకు ఈత మొదలుపెట్టిన పిల్లలు 12 ఏళ్ల దాకా నాలుగు స్ట్రోక్‌లూ, ఇండివిడ్యువల్ మెడ్లే (ఒకే రేసులో నాలుగు స్ట్రోక్‌లూ ఒక్కరే ఈదేది) కూడా ఈదాలి. 13–14 ఏళ్లు వచ్చాక బ్రెస్ట్‌స్ట్రోక్ వైపు మొగ్గవచ్చు. అప్పుడు కూడా మొత్తం ఈదే దూరంలో దీని వాటా మూడో వంతు దాటకుండా చూడటం మంచిదని మా అభిప్రాయం. కారణాలు రెండు. ఎదిగే వయసులో మోకాలి మీద మెలిపెట్టే భారం ఎక్కువైతే అది నొప్పిగా తేలుతుంది. పైగా గుండె, ఊపిరితిత్తుల సత్తువ పెంచుకోవడానికి ఫ్రీస్టైల్‌లో ఎన్ని కిలోమీటర్లయినా ఈదవచ్చు, బ్రెస్ట్‌స్ట్రోక్‌లో అలా కుదరదు.

అన్ని స్ట్రోక్‌లూ నేర్చుకుంటే ఇందులో వెనకబడిపోతామన్న భయం అక్కర్లేదు. ఫ్రాన్స్ ఈతగాడు లియాన్ మార్షాన్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఒకే సాయంత్రం 200 మీటర్ల బటర్‌ఫ్లై, 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ రెండూ గెలిచాడు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో అతని సమయం 2:05.85, ఒలింపిక్ రికార్డు.

ఈ స్ట్రోక్ ఎవరికి నప్పుతుందో ముందే తెలుస్తుందా?

కొంతవరకు తెలుస్తుంది. మడమలు లేపకుండా గొంతుక్కూర్చోమనండి. మడమలు లేచిపోతుంటే పాదం ముంగాలి వైపు వంగడం లేదన్నమాట. బ్రెస్ట్‌స్ట్రోక్ కిక్‌లో నీటిని పట్టేది అలా వంగి, బయటికి తిరిగిన పాదమే.

రెండోది తుంటి. బోర్లా పడుకోబెట్టి, మోకాళ్లు దగ్గరగా ఉంచి, 90 డిగ్రీలు మడిపించి, పాదాలను రెండు పక్కలకూ వాలనివ్వమనండి. నిటారు నుంచి 45 డిగ్రీల దాకా తేలిగ్గా వాలితే తుంటి బాగా తిరుగుతున్నట్టు. తుంటి తిరగనివాళ్లు ఆ తిరుగుడును మోకాలి నుంచి రాబట్టాలని చూస్తారు. మోకాలి బాధలకు మొదలు అక్కడే.

చివరి పరీక్ష నీళ్లలో. చేతులు ముందుకు చాపి, కిక్‌లు మాత్రమే కొడుతూ 25 మీటర్లు వెళ్లమని లెక్కపెట్టండి. తోటి పిల్లలకన్నా తక్కువ కిక్‌లతో, అంతే వేగంతో చేరితే ఆసక్తిగా గమనించాల్సిన విషయమే. పొడుగు ఉపయోగపడుతుంది గానీ, పొట్టిగా ఉన్నారని వదులుకోనక్కర్లేదు.

కిక్ సరిగ్గా ఉందో లేదో ఎలా చూడాలి? ఎక్కడ తప్పు జరుగుతుంది?

మడమలను పిరుదుల వైపు లాగాలి, మోకాళ్లను పొట్ట కిందికి కాదు. ఈ తేడా ఒక్కటే చాలామంది సమయాన్ని మార్చేస్తుంది. మోకాళ్లు పొట్ట కిందికి వస్తే తొడలు నీటికి గోడలా అడ్డం నిలుస్తాయి, అప్పటిదాకా తెచ్చుకున్న వేగమంతా పోతుంది. మోకాళ్ల మధ్య ఎడం తుంటి వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ ఉంటే చాలు. పాదాలు మాత్రం మోకాళ్ల కన్నా వెడల్పుగా బయటికి వెళ్లాలి. అక్కడి నుంచి వెనక్కీ లోపలికీ ఒకే ఊపులో కొట్టి, చివర్లో కాళ్లు జతగా, మునివేళ్లు వెనక్కి చాచి ముగించాలి.

తరచూ కనిపించే తప్పులు ఇవి. ఒక పాదం బయటికి తిరిగి రెండోది తిరగకపోవడం. ఇది కత్తెర కిక్ అవుతుంది, దీనికి డిస్‌క్వాలిఫై చేస్తారు. సాధారణంగా తుంటి ఒక పక్క బిగుసుకుపోవడమే దీని వెనక కారణం కాబట్టి నీళ్లలో ఎంత చెప్పినా మారదు, నేల మీద సరిచేయాలి. రెండో తప్పు, పాదాలు వెనక్కి లాగుతూనే తొందరగా తిప్పేయడం. పాదం పిరుదుల దగ్గరికి చేరేదాకా వదులుగా ఉండాలి, అప్పుడు తిరగాలి. మూడోది, కిక్ చివర జత కలపకుండా మళ్లీ కాళ్లు ముడవడం. దీంతో ప్రతి కిక్‌లో ఆఖరి మూడో వంతు వృథా అవుతుంది. గోడ పట్టుకుని వెనక నుంచి నీటి అడుగున వీడియో తీస్తే ఈ మూడూ పది కిక్‌లలోపే బయటపడతాయి.

చేతుల సంగతి?

చేతులు బయటికి తెరిచి, మోచేతులు ఎత్తుగా ఉంచి, గడ్డం కిందికి వేగంగా లోపలికి తేవాలి. మోచేతులు భుజాలను దాటి వెనక్కి పోకూడదు. పోతే తిరిగి ముందుకు తెచ్చేందుకు ఎక్కువ సమయం పడుతుంది. గడ్డం దగ్గర చేతులు ఆగిపోతే చెడ్డ అలవాటు ముదిరినట్టే. చేతులు ముందుకు దూసుకుపోతున్నప్పుడు కిక్ పడాలి. ఊపిరి కోసం తల ప్రత్యేకంగా ఎత్తనక్కర్లేదు, పుల్‌తో, అంటే చేతులతో నీటిని లాగడంతో, ఛాతీ లేచినప్పుడు తలా లేస్తుంది.

పుల్‌అవుట్‌కు అంత ప్రాముఖ్యం ఎందుకు?

డైవ్ తర్వాతా, ప్రతి టర్న్ తర్వాతా నీటి అడుగున చేసేదే పుల్‌అవుట్. రేసు మొత్తంలో శరీరం అత్యంత వేగంగా కదిలేది ఈ రెండు ఘట్టాల్లోనే. 50 మీటర్ల పూల్‌లో 200 మీటర్ల రేసుకు నాలుగు పుల్‌అవుట్‌లు ఉంటాయి, 25 మీటర్ల పూల్‌లో ఎనిమిది. ఒక్కోదానిలో పావు సెకను మెరుగుపడినా ఎనిమిదికి రెండు సెకన్లు.

వరస ఇది. గోడను తన్ని, చేతులు చెవుల వెనక బిగించి, గీత గీసినట్టు నిటారుగా ఒక సెకనుకు పైగా సాగాలి. చేతులు విడివడుతుండగా ఒకే ఒక డాల్ఫిన్ కిక్ (రెండు కాళ్లూ జతగా పైకీ కిందికీ ఊపి కొట్టేది). చేతులను తొడల దాకా బలంగా నెట్టాలి. అక్కడ మళ్లీ కొద్దిసేపు గ్లైడ్, అంటే కాళ్లూ చేతులూ కదపకుండా సాగడం. తర్వాత చేతులను శరీరానికి ఆనించినట్టుగా పొట్ట కింద నుంచి ముందుకు జార్చాలి, ఎడంగా తెస్తే అవే అడ్డం పడతాయి. చేతులు ముందుకు చాచుకుంటుండగా బ్రెస్ట్‌స్ట్రోక్ కిక్, ఆ వెంటనే పైకి.

ఎంతసేపు సాగాలన్నది ఊహకు వదిలేయకండి. గోడ నుంచి 15 మీటర్ల గుర్తు దాకా స్టాప్‌వాచ్ పెట్టి మూడు రకాలుగా చేయించండి: గ్లైడ్ తక్కువగా, మామూలుగా, ఎక్కువగా. ఒక్కోటి నాలుగుసార్లు. ఏది వేగంగా వస్తే అదే ఆ ఈతగాడి గ్లైడ్. ఆరు నెలలకోసారి మళ్లీ కొలవాలి, ఎత్తూ బలమూ మారితే జవాబూ మారుతుంది. లోతు చాలకపోతే పైనున్న అలల్లో వేగం పోతుంది, మరీ లోతుకు పోతే పైకి ఎక్కడానికే కాలం ఖర్చవుతుంది. ఇంకొకటి: 200లో చివరి టర్న్ దగ్గర ఊపిరాడక గ్లైడ్‌ను సగానికి కోసేస్తుంటారు. అందుకే అలసిన స్థితిలో, సెట్ (విరామాలతో వరసగా ఈదే సాధన) చివర్లో పుల్‌అవుట్‌లు సాధన చేయాలి.

ఏయే తప్పులకు డిస్‌క్వాలిఫై చేస్తారు?

టర్న్‌లోనూ ముగింపులోనూ రెండు చేతులూ ఒకేసారి, విడివిడిగా గోడను తాకాలి. ఒక చేతి మీద ఇంకో చెయ్యి ఉంటే తప్పే. చేతులు తుంటి గీతను దాటి వెనక్కి పోకూడదు, పుల్‌అవుట్‌లోని మొదటి పుల్‌కు మాత్రమే మినహాయింపు. మోచేతులు నీళ్లలోనే ఉండాలి. టర్న్‌కు ముందు ఆఖరి స్ట్రోక్, టర్న్, ముగింపు స్ట్రోక్ దీనికి మినహాయింపు. ప్రతి స్ట్రోక్‌లో ఒక పుల్, ఒక కిక్, అదే వరసలో. ప్రతి స్ట్రోక్‌లోనూ తల నీటిపైకి రావాలి. పుల్‌అవుట్ తర్వాత రెండో పుల్‌లో చేతులు బాగా వెడల్పై లోపలికి తిరిగేలోపు తల బయటపడాలి. రెండో డాల్ఫిన్ కిక్ కొట్టినా, మొదటి బ్రెస్ట్‌స్ట్రోక్ కిక్ అయ్యాక డాల్ఫిన్ కొట్టినా రేసు పోయినట్టే.

నీటి అడుగున సాగడానికి మిగతా మూడు స్ట్రోక్‌లకున్న 15 మీటర్ల హద్దు దీనికి లేదు. ఒక్క పుల్, ఒక్క కిక్‌తో ఎంత దూరం పోగలిగితే అంత పోవచ్చు.

పిల్లల పోటీల్లో ఎక్కువగా జరిగేది, అలసిపోయి ముగింపులో ఒక చేత్తో తాకడం. ట్రైనింగ్‌లో ఒంటిచేతి టచ్‌ను ఏ రోజూ చూసీచూడనట్టు వదిలేయకూడదు.

ఈ నిబంధనలు ఇంత మెలికగా ఎందుకున్నాయి?

ఈతగాళ్లు దారి కనిపెట్టిన ప్రతిసారీ నిబంధన మారింది. చేతులను నీటిపై నుంచి విసిరేవాళ్లు పెరగడంతో 1952 తర్వాత బటర్‌ఫ్లైని వేరే స్ట్రోక్‌గా విడగొట్టారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జపాన్‌కు చెందిన మసారు ఫురుకావా ఎక్కువ దూరం నీటి అడుగునే ఈది 200 మీటర్లు గెలిచాడు, ఆ తర్వాత అదీ ఆపేశారు. 1987లో తల మునగడానికి అనుమతి వచ్చింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో జపాన్ ఈతగాడు కొసుకే కితాజిమా పుల్‌అవుట్‌లో డాల్ఫిన్ కిక్ కొట్టాడా లేదా అన్న వివాదం రేగింది, 2005లో ఒక డాల్ఫిన్ కిక్‌ను అనుమతించారు.

50, 100, 200లలో ఏది ఎంచుకోవాలి?

16 ఏళ్లలోపు 200 వదలొద్దు. తక్కువ స్ట్రోక్‌లతో పొడుగ్గా సాగడం నేర్పేది అదే. ఆ తర్వాత శరీరమే చెబుతుంది. 100లో స్ట్రోక్‌లు వడివడిగా పడాలి, గ్లైడ్ చాలా తక్కువ. రెండో 50 మొదటిదానికన్నా సుమారు 3–4.5 సెకన్లు నెమ్మదిగా వస్తుంది. అంతకు మించితే మొదట్లో తొందరపడ్డట్టు.

200ను పంచుకోవడం తెలియాలి. 2:24 లక్ష్యమైతే 33.0, 36.5, 37.0, 37.5 లాంటి పంపకం సబబుగా ఉంటుంది. మొదటి 50లో డైవ్ వల్ల వచ్చే లాభాన్ని మించి వేగం తీస్తే, మూడో 50లో కిక్ చిన్నదై స్ట్రోక్‌ల లెక్క పెరిగిపోతుంది. 16, 17, 17, 18 స్ట్రోక్‌లలా మెల్లగా పెరగాలి తప్ప 15 నుంచి 21కి ఎగబాకకూడదు.

50 మీటర్లు ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో ఎప్పటి నుంచో ఉంది. ఒలింపిక్స్‌లోకి 2028 లాస్ ఏంజెలెస్‌తో వస్తోంది. దీంతో స్ప్రింటర్ల కెరీర్‌కు కొత్త గమ్యం ఏర్పడింది. మూడింటిలోనూ నెగ్గడం అరుదే గానీ అసాధ్యం కాదు. చైనాకు చెందిన చిన్ హైయాంగ్ 2023 ఫుకుఓకా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 50, 100, 200 మూడూ గెలిచాడు, 200లో 2:05.48తో ప్రపంచ రికార్డు కూడా నెలకొల్పాడు.

పోటీ స్థాయి ఈతగాడి వారం ఎలా ఉంటుంది?

సీనియర్ స్థాయిలో వారానికి 8–10 సార్లు నీళ్లలో, ఒక్కోసారి 4–6 కిలోమీటర్లు, దాంతోపాటు రెండు మూడు సార్లు జిమ్. బ్రెస్ట్‌స్ట్రోక్ కిక్‌ను వరసగా రెండు పూటలు గట్టిగా చేయించకూడదు. పనికొచ్చే సెట్‌లు కొన్ని:

రెండు కిక్‌లకు ఒక పుల్ చొప్పున 8×50 (50 మీటర్లు ఎనిమిదిసార్లు), మధ్య 15 సెకన్ల విశ్రాంతి. శరీరం నిటారుగా సాగడం దీంతో వస్తుంది.

డాల్ఫిన్ కిక్‌తో బ్రెస్ట్‌స్ట్రోక్ పుల్ 6×50. చేతుల లయ కోసం, మోకాళ్లకు విశ్రాంతి కోసం.

200 మీటర్ల రేసు వేగంతో 3 విడతలు 4×50, నిమిషం 15 సెకన్లకొకటి చొప్పున బయలుదేరుతూ, విడతల మధ్య 200 తేలికపాటి ఈత. పైన చెప్పిన 2:24 ఈతగాడు వీటిని 36–37 సెకన్లలో, 17 స్ట్రోక్‌లు దాటకుండా చేయాలి. సమయం వచ్చి స్ట్రోక్‌లు పెరిగితే ఆ సెట్ అంతటితో ఆపేయడమే మంచిది, అలసటతో కొట్టే వంకర కిక్‌లు కూడా అలవాటై కూర్చుంటాయి.

మోకాలి లోపలి పక్క నొప్పి వస్తోంది. ఏం చేయాలి?

ఈ స్ట్రోక్‌లో కెరీర్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. కిక్‌లో కాలు బయటికి తిరిగి వేగంగా లోపలికి వచ్చేటప్పుడు మోకాలి లోపలి పక్కనుండే లిగమెంట్ సాగుతుంది. వేల కిక్‌ల తర్వాత అది మొరాయిస్తుంది. తొడ లోపలి కండరాలు, అంటే గజ్జల నొప్పి, తర్వాతి స్థానంలో ఉంటుంది.

రేకెత్తించే కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: సెలవుల తర్వాత ఒక్కసారిగా కిక్ దూరం పెంచడం, ఒళ్లు వేడెక్కకుండానే గట్టి కిక్, మోకాళ్లు మరీ ఎడంగా లేదా మరీ దగ్గరగా పెట్టడం, తుంటి బిగుసుకుపోవడం.

నొప్పి మొదలైన రోజే బ్రెస్ట్‌స్ట్రోక్ కిక్ ఆపండి, ఈత ఆపనక్కర్లేదు. కాళ్ల మధ్య పుల్ బాయ్ (కాళ్లను తేల్చి ఉంచే నురగ ముక్క) పెట్టుకుని పుల్, నొప్పి లేకపోతే ఫ్రీస్టైల్, డాల్ఫిన్ కిక్ చేసుకోవచ్చు. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా, నడుస్తున్నప్పుడో రాత్రి పడుకున్నప్పుడో నొప్పి ఉన్నా స్పోర్ట్స్ డాక్టర్‌కు చూపించాలి. నొప్పి మాత్ర వేసుకుని సెట్ పూర్తి చేయడం చాలా ప్రమాదకరమైన అలవాటు, నొప్పి ఇచ్చే హెచ్చరిక వినబడకుండా పోతుంది.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు 200 మీటర్ల తేలిక కిక్‌తో, సెట్‌గా కాకుండా 25 చొప్పున. రెండు రోజులకోసారి 100–200 మీటర్లు పెంచుతూ, మర్నాడు ఉదయం నొప్పి లేదంటేనే తర్వాతి మెట్టు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు నీటి పైకి రాకుండా కిక్ కొట్టడం ఈ దశలో మంచి సాధన. నేల మీద వారానికి రెండు మూడు సార్లు పిరుదుల పక్క కండరాలు, తొడ లోపలి కండరాలు, తొడ వెనక కండరాలు బలపరచుకోవాలి. మోకాలిని పక్కకు మెలిపెట్టి బలవంతంగా సాగదీసే వ్యాయామాలు మాత్రం వద్దు, తుంటిని సాగదీయండి.

15–16 ఏళ్లకు సమయాలు మెరుగుపడటం ఆగిపోయింది. కెరీర్ అయిపోయినట్టేనా?

కాదు. ఏడాదిలో ఎత్తూ తుంటి వెడల్పూ మారిపోతే కిక్ లయ తప్పుతుంది, ముఖ్యంగా అమ్మాయిల్లో. ఈ కాలంలో దూరం పెంచి దంచడం తప్పు. టెక్నిక్ సరిచూసి, బలం పెంచి, ఏడాది పైగా ఓపిక పట్టాలి. నెలసరి ఆగిపోవడం, బరువు తగ్గిపోవడం, అలసట తీరకపోవడం కనిపిస్తే తిండి చాలట్లేదేమో ముందు డాక్టర్‌తో చూపించాలి. అమ్మాయిల బరువు గురించి అందరి ముందూ మాట్లాడే కోచ్ దగ్గర పిల్లను ఉంచొద్దు.

ఒలింపిక్స్‌కు ఎలా ఎంపికవుతారు?

ఒక ఈవెంట్‌లో ఒక్కో దేశం నుంచి గరిష్ఠంగా ఇద్దరు. ఇద్దరూ వెళ్లాలంటే నిర్ణీత కాలంలో, గుర్తింపు పొందిన పోటీలో, 50 మీటర్ల పూల్‌లో అర్హత సమయం అందుకోవాలి. 2024 పారిస్‌కు 100 మీటర్లలో పురుషులకు 59.49, మహిళలకు 1:06.79, 200 మీటర్లలో 2:09.68, 2:23.91. ఈతగాళ్లు ఎక్కువున్న దేశాల్లో ఈ సమయం ఉన్నా సరిపోదు, సెలక్షన్ ట్రయల్స్‌లో మొదటి రెండు స్థానాల్లో రావాలి. కాబట్టి కొందరికి ఏడాదిలో అసలు పరీక్ష ఒలింపిక్స్ కాదు, ట్రయల్స్ రోజే.

రేసుకు ముందు టేపర్ ఎంతకాలం?

పెద్ద పోటీకి రెండు మూడు వారాలు. ఈదే దూరాన్ని మెల్లగా సగం కన్నా కిందికి దించుతారు, కానీ రేసు వేగంతో చేసే చిన్న సెట్‌లు ఆపరు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కాళ్లు పూర్తిగా తేరుకోవాలి కాబట్టి జిమ్‌లో బరువైన కాళ్ల వ్యాయామాలు ఇంకాస్త ముందే తగ్గించాలి. లయ మాత్రం త్వరగా చేజారే స్ట్రోక్ ఇది, అందుకే రోజూ కొన్ని పూల్ పొడవులైనా బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదాలి.

100 మీటర్లలో సాధారణంగా ఉదయం హీట్స్, సాయంత్రం సెమీస్, మర్నాడు ఫైనల్. ప్రతి రేసు తర్వాతా 800–1,200 మీటర్లు మెల్లగా ఈదాలి. ఫైనల్‌లో తేడా ఎంత సన్నగా ఉంటుందో పారిస్ చూపింది. నికోలో మార్టినెంగి 59.03తో స్వర్ణం గెలిస్తే, ఆడమ్ పీటీ, నిక్ ఫింక్ ఇద్దరూ 59.05తో రజతం పంచుకున్నారు. పీటీ పేరునే ఉన్న ప్రపంచ రికార్డు 56.88, 2019 గ్వాంగ్‌జులో నమోదైంది. రికార్డు ఉన్నంత మాత్రాన ఆ రోజు రేసు గెలిచినట్టు కాదు.

మెడ్లే రిలేలో బ్రెస్ట్‌స్ట్రోక్ ఎక్కడ వస్తుంది?

రెండోది, బ్యాక్‌స్ట్రోక్ తర్వాత. ముందటివారు గోడ తాకుతుండగా బ్లాక్ మీద నుంచి దూకవచ్చు కాబట్టి మామూలు స్టార్ట్ కన్నా అర సెకను దాకా కలిసొస్తుంది. అందుకే ఆ సమయం వ్యక్తిగత రికార్డుగా లెక్కకు రాదు. మంచి బ్రెస్ట్‌స్ట్రోకర్లు దొరకడం కష్టం, జట్టులో చోటుకు ఇది దగ్గరి దారి కూడా.

రేసు సూట్ ఎలాంటిది ఉండాలి?

2010 నుంచి బట్టతో చేసినవే చెల్లుతాయి. పురుషులకు బొడ్డు నుంచి మోకాలి దాకా, మహిళలకు భుజం నుంచి మోకాలి దాకా. కొనేముందు గొంతుక్కూర్చుని, కాళ్లు కిక్‌లా తిప్పి చూడండి. తొడ దగ్గర పట్టేసే సూట్ ఫ్రీస్టైల్‌కు పనికొస్తుంది గానీ దీనికి కాదు.

డోపింగ్ పరీక్షల విషయంలో ఏం తెలిసుండాలి?

పై స్థాయికి వెళ్లి రిజిస్టర్డ్ టెస్టింగ్ పూల్‌లో (ఎప్పుడైనా డోపింగ్ పరీక్షకు పిలిచే క్రీడాకారుల జాబితాలో) చేరాక, రోజూ ఒక గంటపాటు ఎక్కడ దొరుకుతారో ముందే తెలియజేయాలి. 12 నెలల్లో మూడుసార్లు దొరక్కపోయినా, వివరాలు ఇవ్వకపోయినా ఉల్లంఘనే, శరీరంలో ఏ మందూ లేకున్నా సరే. 2012 లండన్‌లో 15 ఏళ్లకే 100 మీటర్ల స్వర్ణం గెలిచిన లిథువేనియా ఈతగత్తె రూటా మెయిలుటిటే మీద 2019లో రెండేళ్ల నిషేధం పడింది ఈ కారణంతోనే. జలుబు మందు, ప్రొటీన్ పౌడర్ ఏదైనా వేసుకునేముందు నిషేధిత జాబితాతో సరిచూసుకోవాలి.

దీంతో బతకవచ్చా?

కొద్దిమందే బతకగలరు. 2023 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో స్వర్ణానికి 20,000 డాలర్లు, ప్రపంచ రికార్డుకు అదనంగా 30,000 డాలర్లు ఇచ్చారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పతకానికి డబ్బివ్వదు, ఇచ్చేది ఆయా దేశాలే. మిగతాది స్పాన్సర్లు, ప్రభుత్వ సాయం, యూనివర్సిటీ స్కాలర్‌షిప్‌లు. కాబట్టి చదువు ఆపొద్దు. నిక్ ఫింక్ ఇంజనీర్‌గా ఉద్యోగం చేస్తూనే 31 ఏళ్ల వయసులో పారిస్ రజతం అందుకున్నాడు.

వైకల్యం ఉన్నవారికి ఈ స్ట్రోక్‌లో వేరే వర్గీకరణ ఉందా?

ఉంది. మిగతా స్ట్రోక్‌లకు ఎస్ అక్షరంతో తరగతి ఇస్తే, బ్రెస్ట్‌స్ట్రోక్‌కు ఎస్‌బీ అని విడిగా ఇస్తారు. ఇందులో కాళ్ల పాత్ర ఎక్కువ కాబట్టి ఒకే వ్యక్తికి రెండు వేర్వేరు సంఖ్యలు రావచ్చు. శారీరక వైకల్యానికి ఎస్‌బీ1 నుంచి ఎస్‌బీ9, చూపు సమస్యలకు 11–13, మేధో వైకల్యానికి 14.

కొన్నేళ్లు మానేసి తిరిగి రావచ్చా?

రావచ్చు. మెయిలుటిటే తిరిగొచ్చి 2022లో 50 మీటర్ల ప్రపంచ టైటిల్ గెలిచింది, 2023లో 50, 100 రెండూ గెలిచి 50లో 29.16తో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. నీటి మీద పట్టు కొన్ని వారాల్లో తిరిగి వస్తుంది, గుండె సత్తువ కొన్ని నెలల్లో. మోకాలి లిగమెంట్లకు, తొడ లోపలి కండరాలకే ఎక్కువ కాలం కావాలి. అందుకే మొదటి ఆరు వారాలు ఫ్రీస్టైల్, పుల్, డాల్ఫిన్ కిక్‌లతో నడిపించి, బ్రెస్ట్‌స్ట్రోక్ కిక్‌ను మోకాలి గాయం తర్వాత మొదలుపెట్టినట్టే పెంచుకోవాలి. టెస్టింగ్ పూల్‌లో ఉండి రిటైర్మెంట్ ప్రకటించినవారైతే ఇంకో పని ముందుగా చేయాలి: తిరిగి పోటీకి దిగేందుకు ఆరు నెలల ముందే రాతపూర్వకంగా తెలియజేసి, ఆ కాలమంతా పరీక్షలకు అందుబాటులో ఉండాలి.